ఉట్నూర్, కేస్లాపూర్, జోడేఘాట్: ఆదిలాబాద్ ఏజెన్సీ ట్రిప్ ఎట్ల ప్లాన్ చేసుకోవాలె

కుంతాల చూసి, పొచ్చెరలో ఫొటోలు దిగి, నిర్మల్‌లో రెండు బొమ్మలు కొనుక్కొని, సాయంత్రానికల్లా హైవే ఎక్కేసి "ఆదిలాబాద్ కవర్ చేసినం" అని స్టేటస్ పెట్టేటోళ్ళు ప్రతి వానకాలం కనిపిస్తరు. వాళ్ళని అనేదేం లేదు, జలపాతాలు బాగుంటయి కాబట్టే పోతున్నరు. కానీ హైవే మీద దొరికే ఆదిలాబాద్ సగమే, మిగతాదంతా గుడిహత్నూర్ దగ్గర కుడికి తిరిగి ఇంద్రవెల్లి, ఉట్నూర్, జైనూర్, కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ దాకా పోయే రోడ్డు మీద ఉంటది. గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడ్లు, ఆంధ్‌లు ఉండే ఊర్లన్నీ ఆ రోడ్డుకి అటు ఇటు ఉన్నయి. ఈ పోస్టు ఆ రోడ్డు గురించే.

ముందు ఒక క్లారిటీ. 2016 అక్టోబర్‌లో పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైంది, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ అని. జనం ఇంకా అన్నిటినీ కలిపి ఆదిలాబాద్ అనే అంటరు, నేను కూడా ఇక్కడ అట్లనే అంటున్న, కానీ మీరు రూమ్ బుక్ చేసేటప్పుడు, బస్సు చూసుకునేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలె. గోండుల నాగదేవత నాగోబా గుడి ఉన్న కేస్లాపూర్ ఆదిలాబాద్ జిల్లాలో ఉంది, జోడేఘాట్ ఏమో ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది, ఆదిలాబాద్ టౌన్‌లో రూమ్ తీసుకొని "పక్కనే కదా" అని జోడేఘాట్ బయల్దేరితే రోజంతా రోడ్డు మీదనే అయిపోతది.

ఇగ అసలు ముచ్చట, ఎప్పుడు పోవాలె అన్నది. మనకి అలవాటు ఏందంటే ఆఫీసులో లాంగ్ వీకెండ్ ఎప్పుడొస్తదో చూసుకొని ట్రిప్ ఫిక్స్ చేస్తం. ఇక్కడ అట్ల చేస్తే గుట్టలు, అడవి కనిపిస్తయి, మనుషుల సంగతి ఏం తెల్వకుండనే వాపస్ వస్తరు. పంచాంగం తీసి అమావాస్య, పౌర్ణమి చూసుకొని, దాని ప్రకారం లీవ్ పెట్టుకోవాలె.

బెస్ట్ ఏదంటే పుష్య మాసం, అంటే ఇంచుమించు జనవరి. గోండులకి ఈ నెల మొత్తం దేవుళ్ళ నెల. కెరమెరి మండలంలో మహారాష్ట్ర బోర్డర్ మీద గుట్టల్లో జంగుబాయి గుహ ఉంది, నెలంతా జనం కుటుంబాలతో, ఎడ్లబండ్లతో, కాలినడకన వస్తనే ఉంటరు, తెలంగాణ వైపు నుంచి ఎంతమందో మహారాష్ట్ర వైపు నుంచి గూడ అంతే, దీక్షలో ఉన్నోళ్ళు కాళ్ళకి చెప్పులు వేసుకోరు. పుష్య పౌర్ణమికి నార్నూర్‌లో ఖాందేవ్ జాతర అయితది, తొడసం వంశం వాళ్ళది, ఆ వంశం ఆడపడుచు ఒకామె దేవుని ముందర రెండు కిలోలకి పైనే నువ్వుల నూనె తాగుతది, అదే మొక్కు. యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ చూసి "ఇదేంది" అనుకుంటరు గానీ అక్కడ నిలబడి చూస్తే అంత హడావిడి ఏం ఉండదు, పెద్దలు చుట్టూ కూర్చుంటరు, ఆమె తాగుతది, తర్వాత వంశం వాళ్ళు ఆమెకి సన్మానం చేస్తరు. ఇంకో పదిహేను రోజులకి పుష్య అమావాస్య, ఆ రాత్రి కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ. కోస్తా వాళ్ళు చొల్లంగి అమావాస్య అంటరు కదా, అదే రోజు.

రెండోది దీపావళి ముందు టైమ్. దీపావళికి వారం పది రోజుల ముందు నుంచి ఊరూరా దండారీలు, అంటే గోండుల ఆట బృందాలు తిరుగుతయి, నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు ఆడేది అప్పుడే. మూడోది ఆశ్వయుజ పౌర్ణమి, ఆ రోజు జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి చేస్తరు. జలపాతాల కోసమే అయితే జులై నుంచి అక్టోబర్ దాకా. ఎండాకాలం మాత్రం వద్దు, 45 డిగ్రీలు కొడతది, టేకు చెట్లకి ఒక్క ఆకు ఉండదు, నీడ కూడా దొరకదు. చలి సంగతి కూడా చెప్తా, రాష్ట్రంలో చలి ఎక్కువ ఎక్కడ అంటే ప్రతి సంవత్సరం పేపర్లో వచ్చేది ఈ ఏరియా పేర్లే, సింగిల్ డిజిట్‌కి పడిపోతది, జనవరి రాత్రి కేస్లాపూర్ మైదానంలో హైదరాబాద్ స్వెటర్ సరిపోదు, మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గు పడకండి.

రూట్ సింపుల్. సొంత బండి ఉంటే హైదరాబాద్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి, కామారెడ్డి, నిర్మల్ దాటి నేరెడిగొండ, ఇచ్చోడ, ఆ తర్వాత గుడిహత్నూర్ చౌరస్తా. నిర్మల్ దాటినాక పాత రోడ్డు మీద మహబూబ్ ఘాట్ వస్తది, వానకాలం అయితే బైపాస్ వదిలేసి పాత రోడ్డే ఎక్కండి, కొంచెం లేట్ అయినా పర్లేదు. ట్రైన్ అయితే రెండు దారులున్నయి, ఆదిలాబాద్ స్టేషన్‌కి తిరుపతి నుంచి సికింద్రాబాద్ మీదుగా కృష్ణా ఎక్స్‌ప్రెస్ వస్తది, రెండోది కాజీపేట–బల్లార్షా లైన్‌లో మంచిర్యాల లేకపోతే ఆసిఫాబాద్ రోడ్ దిగడం. ఆసిఫాబాద్ రోడ్ అని పేరుందని స్టేషన్ పక్కనే ఊరు ఉంటది అనుకోవద్దు, ఊరు చాలా దూరం, ఆటోనో బస్సో పట్టుకోవాలె. ఆదిలాబాద్, ఉట్నూర్, ఆసిఫాబాద్ మధ్య ఆర్టీసీ బస్సులు తిరుగుతయి, మెయిన్ రోడ్డు దాకా ప్రాబ్లం లేదు, మెయిన్ రోడ్డు నుంచి లోపలి గూడేలకి పోవాలంటేనే కష్టం, అక్కడ షేర్ ఆటోలే దిక్కు, చీకటి పడితే అవి కూడా ఉండవు.

ఎక్కడ ఉండాలె? రిసార్ట్‌లు వెతకకండి, లేవు. ఎందుకు లేవో కూడా తెలిస్తే మంచిది. ఇది షెడ్యూల్డ్ ఏరియా, 1959 భూబదలాయింపు చట్టం, దాన్ని 1970లో గట్టిగా మార్చిండ్రు కాబట్టి జనం 1/70 అంటరు, దాని ప్రకారం ఇక్కడ భూమి గిరిజనేతరుల పేరు మీదకి పోవద్దు. అందుకే వరసగా హోటళ్ళు ఇక్కడ కనిపించవు. నాకైతే ఇది మంచిదే అనిపిస్తది, మీకు ఇబ్బంది అనిపిస్తే ఆదిలాబాద్, మంచిర్యాల టౌన్లలో ఏసీ రూములు దొరుకుతయి. ఉట్నూర్‌లో మామూలు లాడ్జిలు ఉంటయి, జాతర టైమ్‌లో అవి కూడా నిండిపోతయి. కవ్వాల్ టైగర్ రిజర్వ్ కూడా చూద్దాం అనుకుంటే జన్నారంలో టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది, సఫారీ కూడా అక్కడి నుంచే. పులి కనిపిస్తదని ఆశ పెట్టుకోకండి, చుక్కల జింకలు, దుప్పులు, అదృష్టం ఉంటే అడవిదున్న.

ఇప్పుడు కేస్లాపూర్. గుడిహత్నూర్ నుంచి ఉట్నూర్ పోతుంటే ముత్నూర్ వస్తది, అక్కడి నుంచి లోపలికి కొంచెం దూరమే. మామూలు రోజుల్లో పోతే ప్రశాంతంగా ఉంటది, గుడి కొత్తగా కట్టింది, నాగోబాని కొలిచే గోండుల మెస్రం వంశం వాళ్ళు ఇంటింటికీ చందాలు వేసుకొని సొంత పైసలతో రాతితో కట్టుకొని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నరు. ఆ చెక్కుళ్ళు దగ్గర్నుంచి చూడండి.

జాతరకి పోయేటోళ్ళు మాత్రం దాని వెనక నడిచే క్రమం తెలుసుకొని పోతే బాగుంటది, లేకపోతే జెయింట్ వీల్, మిఠాయి దుకాణాలు చూసొచ్చినట్టే అయితది. మెస్రం వంశం వాళ్ళు అమావాస్యకి చాలా రోజుల ముందే కాలినడకన బయల్దేరి జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు పోయి, గోదావరి నీళ్ళు ఝారి అనే పాత్రలో పట్టుకొని, మళ్ళీ నడుచుకుంటనే వస్తరు, తెల్ల బట్టలు, ఒట్టి కాళ్ళు, చెప్పుల్లేవు. వాపస్ వచ్చేటప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతరు, ఊర్లోకి డైరెక్ట్‌గా రారు. పూజకి కావాల్సిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర్నుంచే రావాలె, వేరే ఊరి కుండలు పనికి రావు. అమావాస్య రాత్రి ఆ గంగనీళ్ళతో నాగోబాకి అభిషేకం, అర్ధరాత్రి మహాపూజ.

దాని తర్వాత జరిగేది భేటింగ్. ఆ సంవత్సరం మెస్రం ఇండ్లలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళని దేవునికి పరిచయం చేస్తరు. తెల్ల చీర కట్టుకొని, కొంగు ముఖం మీదికి కప్పుకొని, పెద్ద ముత్తైదువలు ముందర నడుస్తుంటే కోడళ్ళు వరసగా వస్తరు, ముందు దేవునికి మొక్కి, తర్వాత వంశం పెద్దల కాళ్ళు మొక్కుతరు. అది అయినాకనే వాళ్ళు వంశంలో చేరినట్టు, అప్పటిదాకా నాగోబా పూజల్లో పాల్గొనొద్దు. పుట్టలు తయారు చేసేది మాత్రం వంశం ఆడపడుచులు, అల్లుళ్ళు, కోనేటి నుంచి నీళ్ళు తెచ్చి మట్టి కలిపి, పాత పుట్టలని అల్లుళ్ళు పగలగొడితే ఆడపడుచులు కొత్తవి పెడతరు. ఇంకోటి చూడాల్సింది గోవాడ్, అంటే మెస్రం వాళ్ళు దిగే ఆవరణ. వందల కుటుంబాలు వచ్చినా వంట మాత్రం ఆ గోవాడ్ లోపల 22 పొయ్యిల మీదనే, వంశంలో ఉన్న 22 తెగలకి తలా ఒకటి, పొద్దుగూకినాక ఒకరి తర్వాత ఒకరు వండుకుంటనే ఉంటరు. బయట నుంచి చూడండి, లోపలికి పోకండి. మహాపూజకి కూడా బయటోళ్ళు దగ్గరికి పోయే చాన్స్ ఉండదు, దర్శనాలు తర్వాత మొదలైతయి, లైన్ పొడుగు ఉంటది గానీ కదులుతది.

జాతర నాలుగో రోజు దగ్గర్లో దర్బార్ ఉంటది, కలెక్టర్, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళు, మంత్రులు వచ్చి కూర్చొని అర్జీలు తీసుకుంటరు. ఇది 1940ల్లో నిజాం కాలంలో హైమండార్ఫ్ మొదలుపెట్టిండు. మాట్లాడేది మైకుల్లో కాబట్టి అందరికీ వినిపిస్తది, పోడు పట్టాలు, రోడ్లు, టీచర్లు, ఆస్పత్రి, ఎక్కువ ఇవే. టూరిస్టులు దీన్ని స్కిప్ చేస్తరు. నన్నడిగితే ఒక గంట కూర్చోండి, ఈ ఏరియా గురించి గూగుల్‌లో దొరకనిది అక్కడ దొరుకుతది.

ఈ హైమండార్ఫ్ ఎవరు అంటే, దానికి ముందు జోడేఘాట్ సంగతి తెలియాలె. 1940లో జల్ జంగల్ జమీన్ అని పన్నెండు ఊర్ల గోండులని, కొలాములని కూడగట్టి నిజాం అటవీ అధికారుల మీద, పోలీసుల మీద కొట్లాడిన కుమ్రం భీంని జోడేఘాట్ గుట్టల్లో కాల్చి చంపిండ్రు. ఆ తర్వాత నిజాం సర్కార్‌కి భయం పట్టుకుంది, అసలు ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డరు అని తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆంత్రోపాలజిస్ట్ క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ని పెట్టుకుంది. ఆయన, భార్య బెట్టి ఎలిజబెత్ కలిసి జైనూర్ దగ్గర మార్లవాయి అనే ఊర్లో గుడిసె వేసుకొని ఉన్నరు. భూముల పట్టాలు, గోండి భాషలో వాచకాలు, గోండు పిల్లలకి బడులు, వాళ్ళలోంచే టీచర్లని తయారు చేసే ట్రైనింగ్ సెంటర్, అన్నీ అక్కడి నుంచి మొదలైనయి. బెట్టి 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేసిండ్రు, ఆయన 1995లో లండన్‌లో చనిపోయిండు, అస్థికలు 2012లో తెచ్చి భార్య పక్కనే పెట్టిండ్రు. ప్రతి జనవరి 11న అక్కడ వర్ధంతి చేస్తరు, పుష్యంలో పోతే ఈ డేట్ కూడా కలిసొస్తది చూడండి.

మార్లవాయి ఇంకో మనిషి ఊరు కూడా, గుస్సాడీ గురువు కనకరాజు. 1981లో ఢిల్లీ రిపబ్లిక్ డే వేడుకల్లో గుస్సాడీ ఆడించిండు, 2021లో పద్మశ్రీ ప్రకటించిండ్రు, 2024 అక్టోబర్‌లో చనిపోయిండు. ఆయన నేర్పిన పిల్లలు ఇప్పుడు చుట్టుపక్కల ఊర్లలో ఆడుతున్నరు.

దండారీ చూడాలంటే ఇట్ల చేయండి. ఒక ఊరి దండారీ బృందం వేరే ఊరికి చుట్టంలా పోతది, ఆ ఊరోళ్ళు పొలిమేర దాకా ఎదురొచ్చి తీసుకుపోతరు, రాత్రంతా ఆట, తెల్లారి భోజనం పెట్టి సాగనంపుతరు. కాబట్టి ఏ రోజు ఏ ఊర్లో అనేది ఆన్‌లైన్‌లో దొరకదు, పోస్టర్ ఉండదు, టికెట్ ఉండదు. ఉట్నూర్‌లోనో జైనూర్‌లోనో చాయ్ దుకాణం దగ్గర "ఇయాల దండారీ ఏ ఊర్లో ఉంది" అని అడిగితే చెప్తరు. ఊరికి పోయినాక మొదలు పటేల్ ఇల్లు ఎక్కడ అని అడగాలె. ఇక్కడ పటేల్ అంటే ఊరి పెద్ద, పూజలు చేసేటాయన దేవారి. పటేల్‌కి "రామ్ రామ్" చెప్పి, ఎక్కడి నుంచి వచ్చినరో, ఎందుకొచ్చినరో చెప్పి, చూడొచ్చా అని అడగండి. "వద్దు" అని అన్నోళ్ళని నేనైతే చూడలే, మంచం వాల్చి కూర్చోమంటరు, నీళ్ళిస్తరు. అదే డైరెక్ట్‌గా కెమెరా పట్టుకొని ఆట మధ్యలో దూరితే మాత్రం ఎవరూ ఏం అనరు గానీ మీ దిక్కు చూడరు కూడా.

గుస్సాడీ వేషం దగ్గర్నుంచి చూస్తేనే దాని బరువు తెలుస్తది. తల మీద వందల నెమలి ఈకలతో అల్లిన టోపీ, దానికి కొమ్ములు, అద్దాలు, నడుముకి, కాళ్ళకి గజ్జెలు, ఒంటికి బూడిద, భుజం మీద మేకతోలు, చేతిలో రోకలి లాంటి కర్ర. ఆ టోపీ కొన్ని ఇండ్లలో తాతల కాలం నుంచి వస్తున్నది, రెండు మూడు తరాల ఈకలు ఒక్కదాంట్లో ఉంటయి. దీక్ష ఉన్నన్ని రోజులు గుస్సాడీ స్నానం చెయ్యడు, దేవుడు పూనినట్టే లెక్క, ఆ కర్ర తగిలితే రోగాలు పోతయని పిల్లల్ని, ముసలోళ్ళని ముందుకు తెస్తరు. కాబట్టి "అన్నా ఒకసారి టోపీ ఇయ్యవా, సెల్ఫీ దిగుతా" అని అడగడం అంటే గుళ్ళోకి పోయి దేవుని కిరీటం ఇయ్యమని అడిగినట్టే. ఈ పని చేసేటోళ్ళు ఉన్నరు, అందుకే రాస్తున్న. డప్పు, డోలు, గుమేల, పెప్రె, కాలికోమ్ మోగుతుంటే మీకు కూడా కాలు కదులుతది, పిలిస్తే ఆడండి, పిలవకపోతే పక్కన నిలబడి చూడండి. ఏమన్నా ఇవ్వాలనిపిస్తే ఆడేటోళ్ళ చేతిలో పెట్టకుండా పటేల్‌ని అడిగి ఇవ్వండి. పిల్లలకి చాక్లెట్లు పంచి వీడియో తీసుకునే అలవాటు ఉంటే ఇంటి దగ్గరే వదిలేసి రండి.

ఇంకో ముఖ్యమైన మాట. మనోళ్ళు ఆదివాసీలు అనగానే అందరినీ కోయలు అనో లంబాడీలు అనో ఒకే గంపకి కట్టేస్తరు. ఇక్కడ ఎక్కువ ఉండేది రాజ్ గోండులు, వాళ్ళ భాష గోండి. కొలాములు వేరు, వాళ్ళది కొలామి. పర్ధానులు, తోటీలు గోండుల వంశకథలు పాడేటోళ్ళు, తోటీల చేతిలో కిక్రి అని చిన్న తంత్రీ వాద్యం ఉంటది, వినే చాన్స్ వస్తే వదులుకోకండి. తోటీలు, కొలాములు సర్కారు లెక్కలో మరీ వెనకబడిన ఆదివాసీ తెగల్లో ఉన్నరు. మాట్లాడటానికి తెలుగు నడుస్తది, ముసలోళ్ళతో మరాఠీ ఇంకా బాగా నడుస్తది. గోండికి లిపి లేదని ఎవరన్నా అంటే నమ్మకండి, నార్నూర్ మండలం గుంజాలలో పాత చేతిరాత పుస్తకాలు దొరికినయి, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది.

జైనూర్ దాకా వచ్చినరు కాబట్టి ఉషేగాం పోండి. డోక్రా బొమ్మలు చేసే ఓజ కళాకారుల ఊరు, కెరమెరి మండలంలో కేస్లాగూడ కూడా అంతే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకి జీఐ ట్యాగ్ వచ్చింది. షోరూంలో కొనడం వేరు, చేస్తుంటే చూసి కొనడం వేరు. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి ఎండబెడతరు, తేనెమైనం కరిగించి సన్నటి దారాల్లా లాగి ఆ ముద్ద మీద చుట్టుకుంట వస్తరు, కళ్ళు, ఆభరణాలు, గుర్రం జూలు అన్నీ ఆ మైనం దారంతోనే. దాని మీద మళ్ళీ మట్టి పూత, ఒక బెజ్జం వదులుతరు. కొలిమిలో పెడితే మైనం కరిగి బయటికి పోతది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తరు, చల్లారినాక మట్టి పగలగొట్టి బొమ్మని తీస్తరు. మట్టి అచ్చు ఒక్కసారికే పగిలిపోతది కాబట్టి ఒక్కదానిలెక్క ఇంకోటి ఉండదు. బేరం మరీ గట్టిగా ఆడొద్దు, ఇత్తడి రేటు, తేనెమైనం రేటు రెండూ పెరిగినయి, రోజుల తరబడి కూర్చుంటేనే ఒక బ్యాచ్ వస్తది. కొలిమి రోజూ ముట్టియ్యరు, ముందు ఎవరినన్నా అడిగి పోతే బెటర్, అయినా మైనం పని మాత్రం ఏ రోజు పోయినా ఎవరో ఒకరి వాకిట్లో కనిపిస్తది.

ఉట్నూర్–ఆసిఫాబాద్ రోడ్డు మీద హట్టి దగ్గర తిరిగితే జోడేఘాట్. దారి మొత్తం గుట్టలు, అడవి, మలుపులు, సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. భీం విగ్రహం, స్మారకం, మ్యూజియం ఉన్నయి. మ్యూజియంలో గోండుల ఇల్లు, పనిముట్లు, వాయిద్యాలు, పండుగలు మనిషంత బొమ్మలతో పెట్టిండ్రు, పిల్లల్ని తీసుకుపోతే బాగా చూస్తరు. సాయంత్రం లేట్‌గా పోతే మూసేస్తరు, మధ్యాహ్నంలోపే చేరుకునేటట్టు చూసుకోండి. మ్యూజియం అయిపోంగనే బండి ఎక్కొద్దు, బయటికొచ్చి గుట్టల వైపు కాసేపు చూడండి, అన్ని దిక్కులా కొండలే, తుపాకులున్న పోలీసులు ఇక్కడిదాకా ఎక్కి రావడానికి ఎందుకంత కష్టపడ్డరో చూస్తేనే అర్థమైతది. ఆశ్వయుజ పౌర్ణమి రోజు పోతే మొత్తం వేరే సీన్, వేల మంది జనం, జెండాలు, భీం వారసులు సంప్రదాయంగా చేసే పూజ, మంత్రులు, బందోబస్తు, బండి దూరంగా ఆపి నడవాల్సి వస్తది.

ఇంద్రవెల్లి దాటేటప్పుడు స్తూపం దగ్గర కూడా ఆగండి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం మీటింగ్ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు, సర్కారు లెక్క ప్రకారం 13 మంది చనిపోయిండ్రు, ఆ ఊర్లలో అడిగితే చాలా ఎక్కువ చెప్తరు. చాలా ఏండ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడికి ఎవరినీ పోనియ్యకపోయేది. ఇది పిక్నిక్ స్పాట్ కాదు, రీల్స్ పెట్టుకోవద్దు.

జలపాతాలు రెండు ముక్కల్లో చెప్తా. నేరెడిగొండ దగ్గర కడెం నది మీద కుంతాల, తెలంగాణలో ఎత్తైనది అంటరు, మెట్లు చాలా ఉంటయి, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ఆలోచించుకోండి, నీళ్ళల్లోకి మాత్రం దిగొద్దు, రాళ్ళ కింద గుండాలు ఎంత లోతుందో పైకి తెల్వదు, ప్రాణాలు పోయినోళ్ళు చాలా మంది. పొచ్చెర చిన్నది, వెడల్పుగా పడతది, ఈజీ. లింగాపూర్ మండలంలో మిట్టె జలపాతం, సప్తగుండాలు అంటరు, అడవిలో నడవాలె, ఊరి పిల్లగాళ్ళని ఒకరిని తోడు తీసుకొని వాళ్ళకి పైసలివ్వండి, దారి తప్పరు, వాళ్ళకీ పని దొరుకుతది.

తిండి విషయం. టౌన్లలో పొద్దున పోహా, మిర్చి, చాయ్, మహారాష్ట్ర వాసన కొడతది, బాగుంటది. గూడెంలో ఎవరన్నా తినమంటే జొన్న రొట్టె, పప్పు, పచ్చిమిర్చి కారం పెడతరు, వద్దనకండి, తినగలిగినంత తినండి. ఉట్నూర్‌లో ఆదివాసీ ఆడవాళ్ళ సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలు దొరుకుతయి, ఇంటికి తీసుకుపోవడానికి అదే బెస్ట్. ఇప్పసారా సంగతి అడుగుతరు కొంతమంది, అది వాళ్ళ దేవుళ్ళకి పెట్టేది, మీ పార్టీకి కాదు.

బ్యాగులో ఏముండాలంటే క్యాష్, ఫోన్‌పే అన్ని దగ్గరల నడవదు, చిల్లర నోట్లు ముఖ్యం. దోమల క్రీమ్ మర్చిపోవద్దు, వానకాలం నుంచి దసరా దాకా ఏజెన్సీలో మలేరియా, డెంగీ జ్వరాలు ఉంటయి, తిరిగొచ్చినాక జ్వరం వస్తే డాక్టర్‌కి ఎక్కడికి పోయొచ్చినరో చెప్పండి. పెట్రోల్ ఉట్నూర్‌లోనే ఫుల్ కొట్టించుకోండి.

మూడు రోజులు పెట్టుకుంటే హాయిగా అయితది. మొదటి రోజు హైవే మీద జలపాతాలు చూసుకుంట గుడిహత్నూర్ మీదుగా ఉట్నూర్, రెండో రోజు పొద్దున్నే వెనక్కి కేస్లాపూర్, ఇంద్రవెల్లి పోయొచ్చి మధ్యాహ్నం నుంచి మార్లవాయి, ఉషేగాం, ఆ రాత్రి ఎక్కడ దండారీ ఉంటే అక్కడ. మూడో రోజు జోడేఘాట్, కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్, అక్కడి నుంచి మంచిర్యాల, రాజీవ్ రహదారి పట్టుకొని కరీంనగర్ మీదుగా ఇంటికి. వచ్చిన దారినే వాపస్ పోవాల్సిన పని లేదు. రాత్రి పూట మాత్రం జన్నారం అడవిలోంచి డ్రైవ్ పెట్టుకోకండి, జంతువులు రోడ్డు మీదికి వస్తయి, చెక్‌పోస్టుల దగ్గర రూల్స్ కూడా మారుతుంటయి. పోయే ముందు ఏ ఊరి పటేల్ ఇంట్లో చాయ్ తాగిండ్రో ఆయన కొడుకు నంబరో మనవడి నంబరో తీసుకొని, తీసిన ఫొటోలు అదే వారంలో వాట్సాప్‌లో పంపియ్యండి. "పంపిస్తం" అని పోయినోళ్ళు మస్తు మంది ఉన్నరు అక్కడ, పంపినోళ్ళకి మాత్రం మళ్ళీ దీపావళికి దండారీ ఏ ఊర్లో ఉందో ఫోన్ వాళ్ళే చేసి చెప్తరు.